సగం రాసిన నోటుబుక్కు

తిరుపతి

చిరంజీవికి ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. కథ రాయడం కుదరడం లేదని చెప్పడానికి నాలుగు పేజీలు రాశావు. ఆ నాలుగు పేజీలూ ఎక్కడా ఆగకుండా చదివించాయి కనుక నీకు రాయడం రాదేమో అన్న సందేహం నాకు లేదు. మామిడి సీజన్‌లో గుజ్జు ఫ్యాక్టరీ లెక్కలతో ఊపిరి సలపదనీ, జూలై దాటగానే మొదలుపెడతాననీ కిందటి ఉత్తరంలో అన్నావు. ఇప్పుడు డిసెంబరు. తోతాపురి కాయల లారీలు గేటు ముందు బారులు తీరడం ఆగి నాలుగు నెలలు దాటింది. నోటుబుక్కులో మాత్రం పదకొండు ప్రారంభాలు ఉన్నాయి, ఒక్క ముగింపూ లేదు.

నిన్ను నీవు సోమరివని తిట్టుకొన్నావు. నేను ఒప్పుకోను. సోమరి హాయిగా నిద్రపోతాడు. నీవేమో రాయని ప్రతి రాత్రీ తప్పు చేసినవాడిలా మేలుకొని ఉంటున్నావు. తలలో ఉన్నంతవరకు కథకు ఏ లోపమూ ఉండదు, కాగితం మీద పెట్టిన మొదటి వాక్యంతోనే అది చిన్నబోతుంది. ఆ చిన్నబోవడాన్ని చూడలేకే మనం మరో పుస్తకం చదువుతాం, మరికొంత సమాచారం సేకరిస్తాం, కొత్త పెన్ను కొంటాం. ఒకప్పుడు పల్లెల్లో దయ్యం రాకుండా తలుపుల మీద ‘ఓ స్త్రీ రేపు రా’ అని రాసేవారు. వాకిట్లోకి వచ్చిన కథకు మనమూ ఆ రాతే చూపిస్తాం. దయ్యమైతే మర్నాడు మళ్లీ వస్తుందట, కథకు అంత ఓపిక ఉండదు.

ఇది నేను పుస్తకాల్లో నేర్చుకొన్నది కాదు. చిత్తూరు వైపు ద్రౌపదమ్మ గుళ్ల దగ్గర జరిగే భారతం ఉత్సవాలు నీకు తెలియనివి కావు: పగలు హరికథ, రాత్రి వీధినాటకం, నడుమ అర్జునుడు తపసు మాను ఎక్కడం, చివర దుర్యోధన వధ, అగ్నిగుండం. మా పక్క ఊళ్లో ఏళ్ల తరబడి అర్జున వేషం కట్టిన పెద్దాయన ఒకరుండేవారు. ఆయన పద్యాలు పాడుకొంటూ మాను పైదాకా వెళ్లి అక్కడి నుంచి నిమ్మకాయలు విసురుతుంటే, బిడ్డల కోసం మొక్కుకొన్న ఆడవాళ్లు కొంగులు పట్టుకొని కింద కాచుకొని ఉండేవారు. ఆయనకు సంతానం లేదు. ఈ ఒక్క ముక్క తెలిసిన రోజునే నా కథ పూర్తయిపోయినట్టు తోచింది. అయినా వీధినాటకం గురించి ఇంకా చదవాలనీ, ఆ పద్యాలన్నీ రాసుకోవాలనీ, బడి సెలవుల్లో స్థిమితంగా కూర్చోవాలనీ ఆరేళ్లు గడిపాను. ఏడో ఏట ఉత్సవానికి వెళితే మాను మీద వేరే అర్జునుడు ఉన్నాడు. తర్వాత కథ రాశాను, అచ్చయింది, కొందరు మెచ్చుకొన్నారు కూడా. కానీ పైనుంచి ఆ కొంగులను చూస్తున్నప్పుడు ఆయన మనసులో ఏం మెదిలేదో నేను అడిగి ఉండలేదు. ఆ చోటును ఊహతో పూడ్చాను. ఇప్పటికీ ఆ కథ చదివితే అక్కడ అతుకు కనిపిస్తుంది.

మనసు కుదిరినప్పుడే మంచి రచన వస్తుందని రాశావు. మన కొండ మీది రాగిరేకులను బట్టి అన్నమయ్య సంకీర్తనల కాలం 1424 నుంచి 1503 వరకు. ఆయన 32 వేల సంకీర్తనలు చెప్పాడని ప్రతీతి. ఆ సంఖ్యను 79 ఏళ్లకు పంచి చూడు, రోజుకు ఒకటికి కాస్త పైన పడుతుంది. మనకు దక్కినవి అందులో సగం కూడా లేవు. ఆయన భక్తి మనకు అందేది కాదు కానీ పద్ధతిని గమనించవచ్చు: లాలి, సువ్వి, జాజర వంటి జనం పాటల వరుసల్లో ఆ పూట ఏది నోటికొస్తే అది. భక్తులు నన్ను క్షమించాలి, ఉన్నవాటిని వరుసపెట్టి చదివితే చెప్పిందే మళ్లీ చెప్పినవి చాలానే తగులుతాయి. అన్ని పాటలు కట్టినవాడికే, మనం ఈనాటికీ పాడుకొంటున్న ఆ కొన్ని వందలు పలికాయి.

నీ బస్సు ఏడున్నరకని రాశావు కదా, ఐదున్నరకు లేచి, ఫోను వేరే గదిలో పెట్టి, ఒక్క పేజీ రాయి. అది బాగుందా లేదా అని ఆ రోజు తిరిగి చూడవద్దు. నేనైతే, తర్వాతి మాట ఏమిటో తెలిసి ఉండగానే, ఒక్కోసారి వాక్యం నడుమనే పెన్ను మూసేస్తాను. మర్నాడు కూర్చోగానే చేయి దానంతటదే కదులుతుంది. ఒక పూట తప్పితే తప్పనీ, దాని బాకీ తీర్చడానికి మరునాడు రెండు పేజీలు పెట్టుకోకు. ఆ లెక్క పెరిగి పెరిగి చివరికి నోటుబుక్కు తెరవాలంటేనే భయం పుడుతుంది.

పదకొండింటిలో ఏది ముందు రాయమంటారని అడిగావు. మీ అవ్వ, ఊరి బావి ఎండిపోయిన ఏడాది గురించి చెప్పిందని మొదలుపెట్టి, మూడో పేరా దగ్గర వదిలేశావు చూడు, అది. ఆ ఏడాది మీ తాత ఎక్కడికి వెళ్లిపోయాడో తెలియక ఆగానని నీవే రాశావు. మీ అవ్వకు ఇప్పుడు 84 ఏళ్లు. ఈ ఆదివారం పలమనేరు బస్సెక్కి వెళ్లి, పక్కన కూర్చొని అడుగు. నోటుబుక్కు వెంట తీసుకుపో. కొత్తది కొనకు, ఆ సగం రాసినదే తీసుకుపో.

ఆశీస్సులతో,
మీ మాస్టారు