ఈఎస్ఆర్ మీద పీహెచ్‌డీ చేయనివ్వాలా, డేటా సైన్స్‌లో చేర్పించాలా?

గుంటూరు నుంచి ఒక తండ్రి ప్రశ్న: అమ్మాయి ఎమ్మెస్సీ కెమిస్ట్రీ అయింది, పరిశోధనకి నెలనెలా డబ్బిచ్చే జేఆర్ఎఫ్ ఫెలోషిప్ కూడా వచ్చింది, పాలిమర్లలో, గాజులా గడ్డకట్టే ద్రవాల్లో అణువుల కదలికని ఈఎస్ఆర్‌తో (జంటలేని ఎలక్ట్రాన్లని అయస్కాంత క్షేత్రంలో మైక్రోవేవ్‌లతో పట్టుకునే పద్ధతి) చూసే ల్యాబ్‌లో సీటొచ్చింది, అది పాత టెక్నిక్ అంటున్నారు, డేటా సైన్స్ కోర్సే మేలా, రెండూ పోల్చి చెప్పండి.

పాతదే సార్, 1944లో కజాన్‌లో జవోయిస్కీ కనిపెట్టింది. కానీ దాంతో అడుగుతున్న ప్రశ్న ఇంకా తేలలేదు. కొన్ని ద్రవాల్ని చల్లారిస్తే స్ఫటికం కట్టకుండా కొన్ని పదుల డిగ్రీల తేడాలోనే చిక్కదనం లక్షల రెట్లు పెరిగి గాజులా బిగుసుకుపోతాయి, లోపల అమరిక చూస్తే మాత్రం దాదాపు ద్రవంలాగే ఉంటుంది, మరి కదలిక ఎందుకు ఆగిందంటే అందరూ ఒప్పుకునే జవాబు ఇప్పటికీ లేదు. మీ అమ్మాయి ఆ పదార్థంలో టెంపో లాంటి నైట్రాక్సైడ్ ప్రోబ్ (జంటలేని ఎలక్ట్రాన్ ఉన్న చిన్న అణువు) చిటికెడు కలిపి స్పెక్ట్రమ్, అంటే దాని సిగ్నల్ పటం, తీస్తుంది. ప్రోబ్ చకచకా తిరిగితే మూడు సన్న గీతలొస్తాయి, నెమ్మదిస్తే అవి వెడల్పై దూరం జరుగుతాయి, ఆ ఆకారాన్ని కంప్యూటర్లో ఫిట్ చేసి నానోసెకన్ల లెక్కలో కదలిక తేల్చాలి. ఇది డేటా పని కాకపోతే ఇంకేంటండీ?

ఇక డేటా సైన్స్. ఆర్నెల్ల సర్టిఫికెట్ పట్టుకుని నా దగ్గరికొచ్చే పిల్లల్లో చాలామందికి కోడ్ నడపడం వచ్చు, అంకెలో తప్పు ఎక్కడ దూరిందో పట్టుకోవడం రాదు, పైగా అదే ఉద్యోగానికి బీటెక్ వాళ్లు బారులు తీరి ఉన్నారు. అందులో బాగుపడినవాళ్లూ ఉన్నారు, ఇష్టపడి వెళ్లినవాళ్లు. మీరేమో ఉత్తరంలో మేనల్లుడి ప్యాకేజీ గురించి రెండుసార్లు రాశారు, అమ్మాయికి ఏమిష్టమో ఒక్కసారీ రాయలేదు. పీహెచ్‌డీకి ఐదేళ్లంటే పెళ్లి ఆలస్యమవుతుందన్నదే కదా అసలు భయం? ఆ భయానికి ఆమె చదువుని బలి పెట్టకండి సార్. నెలకి 37,000 ఫెలోషిప్, రెండేళ్ల తర్వాత 42,000, మీ మీద భారం పడదు, పీహెచ్‌డీ చేస్తూ పెళ్లిళ్లు చేసుకున్నవాళ్లు బోలెడుమంది.

ఒకటి మాత్రం దాచను, "ఈఎస్ఆర్ తెలిసినవాళ్లు కావలెను" అని ప్రకటన దాదాపుగా రాదు. ఉద్యోగమిచ్చేది మెషీన్ పేరు చూసి కాదు, టైర్లు, పెయింట్లు, ప్యాకేజింగ్ ఫిల్ములు, హైదరాబాద్ ఫార్మాలో ఫార్ములేషన్ పని, వీటన్నిట్లో గాజు స్థితి తెలిసిన మనిషి కావాలి. నీళ్లలో సరిగా కరగని మందుని పాలిమర్‌లో కలిపి స్ఫటికం కాకుండా ఉంచుతారు, అణువులు మెల్లగా కదులుతూ మళ్లీ స్ఫటికం కడితే ఆ మందు సరిగా పనిచేయదు. అందుకే ఈఎస్ఆర్ ఒక్కటే పట్టుకుని కూర్చోకుండా డీఎస్‌సీ (వేడెక్కేటప్పుడు, చల్లారేటప్పుడు పదార్థం తీసుకునే, వదిలే వేడిని కొలిచేది), రియాలజీ (పదార్థం ఎలా పారుతుందో కొలిచేది), ఎన్ఎంఆర్ (ఎలక్ట్రాన్లకి బదులు అణుకేంద్రకాల్ని చూసేది) కూడా నేర్చుకోవాలి.

చేరేముందు ల్యాబ్‌లో మెషీన్ సొంతదా, లేక శాంపిళ్లు ఐఐటీ మద్రాస్, బాంబేల్లోని సైఫ్‌కి (బయటి ల్యాబ్‌లకీ పెద్ద పరికరాలు అందించే కేంద్రం) పంపుతారా, లిక్విడ్ నైట్రోజన్‌తో చల్లబరిచే ఏర్పాటుందా, గైడ్ దగ్గర ఇంతకుముందు చేసినవాళ్లు ఇప్పుడెక్కడున్నారు, ఇవి కనుక్కోవాలి. మీరు ఫోన్ చేయకండి, అమ్మాయినే అడగనివ్వండి.