నౌరు వెళ్తున్న మేనకోడలికి

చిట్టితల్లీ,

పసిఫిక్ సముద్రంలో ఉన్న ఆ చిన్న దీవి దేశం నౌరులో టీచరుగా చేరుతున్నావట. అక్టోబర్ 26న అంగామ్ పండక్కి పిల్లల చేత కార్యక్రమం కూడా చేయిస్తావట. మీ అమ్మ ఫోన్‌లో చెబుతుంటే కళ్ళు చెమర్చాయి. ఆ రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

ఖర్చులకి ఆస్ట్రేలియా డాలర్లు ఉంచుకో. మూడు నెలల మందులు పట్టుకెళ్ళు. సముద్రం దగ్గర మాత్రం నా మాట విను. పగడపు దిబ్బ మీద నీళ్ళు మోకాలి లోతే ఉంటాయి, అంచు దాటితే కాలికి నేల అందదు. నాకు ఈత వచ్చు అని వాదించకు. కాలవలో నేర్చుకున్న ఈత అక్కడ చాలదు.

ఇక పండగ సంగతి. నేను అక్కడ ఉద్యోగం చేసిన మొదటి ఏడాది, తోటి ఉద్యోగి అంగామ్ భోజనానికి పిలిచాడు. 1920లో ఇన్‌ఫ్లుయెంజా వచ్చి నౌరు జనం వెయ్యి పైచిలుకుకి పడిపోయారట. ఒక జాతి నిలవాలంటే కనీసం 1,500 మంది ఉండాలని అప్పటి ఆస్ట్రేలియా పాలనాధికారి అన్నాడట. 1932లో ఆ లెక్క నిండించిన పాప పుట్టిన రోజే ఈ పండగ. అంగామ్ అంటే ఇల్లు చేరడం. ఆయన ఇదంతా చెబుతుంటే నేను మధ్యలో అందుకుని, "పదిహేను వందలేనా? మా ఊళ్ళో రెండు వీధుల్లోనే అంతమంది ఉంటారు" అన్నాను.

ఎవరూ నవ్వలేదు. మూల కూర్చుని కొబ్బరి కోరుతున్న వాళ్ళమ్మ చెయ్యి ఆగిపోయింది.

కాసేపటికి ఆవిడే మాట్లాడింది. రెండో ప్రపంచ యుద్ధంలో నౌరుని ఆక్రమించిన జపాన్ సైన్యం, 1943లో 1,200 మందిని పసిఫిక్‌లోనే దూరంగా ఉన్న ట్రక్ దీవులకి తరలించింది. ఆవిడకి అప్పుడు పదిహేనేళ్ళు. ఆకలికి, జబ్బులకి మనుషులు వరసగా పోయారు. 1946 జనవరి 31న ఓడలో తిరిగొచ్చింది 737 మంది. "మా ఇంట్లోంచి అయిదుగురం వెళ్ళాం" అంటూ కొబ్బరి తురుము అంటిన వేళ్ళు చాపి, మూడు ముడిచింది. మిగిలిన రెండు వేళ్ళనీ చాలాసేపు చూసుకుంది. 1949లో మళ్ళీ 1,500 నిండారని తెలిసిన రోజు ఊరంతా ఏడ్చిందట. 1968లో స్వాతంత్ర్యానికి కూడా ఆ జనవరి 31నే ఎంచుకున్నారు.

క్షమించమని అడగడానికి నాకు నెల పట్టింది. ఆవిడ ఏమీ అనలేదు, పళ్ళెం నా ముందుకి జరిపింది. ఆ పళ్ళెం నాకిప్పటికీ గుర్తొస్తుంది.

అందుకే చెబుతున్నాను, స్క్రిప్టు రాసే ముందు ఒక్కో పిల్ల ఇంటికీ వెళ్ళు. వాళ్ళ నాయనమ్మ, అమ్మమ్మ చెప్పింది విను. పిల్లల చేతికి అంకెల అట్టలిచ్చి నిలబెట్టే ఆలోచన ఉంటే, ముందు పెద్దవాళ్ళని అడుగు. మాట జారే తొందర నీకూ ఉంది తల్లీ. చిన్నప్పుడు నా ఒళ్ళో కూర్చుని పెద్దల మాటలకి అడ్డొచ్చేదానివి, ముద్దొచ్చి నేనే ఊరుకునేవాణ్ణి. అప్పుడే మందలించాల్సింది.

ఆ ఇల్లు బువాడా చెరువు దారిలో ఉండేది. ఆ ఇంటి మనవలెవరైనా కనిపిస్తే నా నమస్కారం చెప్పు. దిగగానే ఫోన్ చెయ్యి. దిబ్బ అంచుకి వెళ్ళకు.

నీ పెద్ద మావయ్య