సంఘంలో పరిచారకుణ్ణే, ఇంట్లో మాత్రం...

ఒక సంఘ పెద్ద రాసిన ఉత్తరం సారాంశం ఇది. మందిరంలో కుర్చీలు సర్దడం మొదలుకొని రోగుల పక్కన రాత్రంతా మేలుకొని ఉండడం వరకు ఆయన ఏ పనికీ వెనుకాడరు. ఇటీవల భార్య, "అందరి పాదాలూ కడిగే చేతులు ఇంట్లో నాకు గ్లాసు మంచినీళ్లు అందించవు" అన్నారట. ఆయన గదిలోకి రాగానే కూతురు మాట ఆపేసి లేచిపోతోంది. ఇంటిని ఏలలేనివాడు సంఘాన్ని ఎలా పాలిస్తాడని 1 తిమోతి 3:5 అంటోంది గనుక, ఇంట్లోవారితో తాను కఠినంగా ఉండడంలో తప్పేమిటని ఆయన ప్రశ్న.

సోదరా, మీ సేవ నిజమైనదేనని నమ్ముతున్నాను. అయినా మీ భార్య మాటను ఎదిరింపుగా కాక, మీ మీద ఆశ వదులుకోని మనిషి చెప్పిన మాటగా వినండి.

మీరు ఎత్తి చూపిన వచనంతోనే మొదలుపెడదాం. తెలుగులో "పాలించును" అని ఉన్నచోట గ్రీకు మూలంలో కనిపించే క్రియనే, యేసు చెప్పిన ఉపమానంలో మంచి సమరయుడు గాయపడినవాణ్ణి పూటకూళ్లవాని ఇంటికి తీసుకువెళ్లి పరామర్శించాడని చెప్పేటప్పుడు లూకా వాడాడు (10:34). అంటే తిమోతికి రాసిన ఆ పత్రికలో పౌలు అడుగుతున్నది సంఘాన్ని కనిపెట్టుకొని చూసుకోవడం గురించి. ఆ దృష్టితో చూస్తే, మీ ఇంట్లోవారు మీకు లోబడుతున్నారా అన్నదానికంటే, మీ సంరక్షణలో వారి గాయాలు మానుతున్నాయా అన్నదే ముందుగా వేసుకోవలసిన ప్రశ్న అవుతుంది.

యోహాను 13వ అధ్యాయంలో ప్రభువు పైవస్త్రం తీసిపెట్టి, తువాలు నడుముకు కట్టుకొని, శిష్యుల పాదాలు కడగడానికి పళ్లెంలో నీళ్లు పోసినప్పుడు అక్కడ జనసమూహం లేదు. ఆయనతో రోజూ భోంచేసి, ఆయన్ను అలసటలోనూ చూసిన కొద్దిమందే ఉన్నారు. మెచ్చుకొనేవారు లేని చోట, మన లోపాలన్నీ తెలిసినవారి ముందు వంగడం ఎంత కష్టమో మీ ఉత్తరమే చెబుతోంది. తరువాత ఆయన మళ్లీ వస్త్రం వేసుకొని కూర్చొని, నన్ను బోధకుడనీ ప్రభువనీ మీరు పిలవడం న్యాయమేనన్నాడు. కాబట్టి ఇంట్లో వంగితే తండ్రిగా మీ స్థానం పోతుందన్న భయం అక్కర్లేదు.

ఇక చేయవలసినవి. కూతురితో ఒంటరిగా కూర్చొని, ఏ సందర్భంలో ఏ మాట అన్నారో పేరు పెట్టి చెప్పి క్షమాపణ అడగండి. "నీ మంచికే అన్నాను" అని చేర్చకండి, ఆ ఒక్క వాక్యంతో అడిగిన క్షమాపణ కాస్తా సంజాయిషీ అయిపోతుంది. ఆమె వెంటనే మాట్లాడకపోయినా ఒత్తిడి చేయకండి. మీ భార్యను, తనకు బరువుగా ఉన్నదేమిటో అడిగి, ఆమె ముగించేవరకు ఏ వచనమూ ఎత్తకుండా వినండి. ఇది ఒక్క సాయంత్రంతో తీరేది కాదు, నెలలు పట్టవచ్చు.

సమయం ఎక్కడిదంటారా? అపొస్తలుల కార్యములు 6లో విధవరాండ్రకు ఆహారం పంచే పనిని అపొస్తలులు తమ చేతుల్లోనే పెట్టుకోక, ఏడుగురికి అప్పగించారు. మీరూ సంఘంలో ఒక బాధ్యతను మరొకరికి అప్పగించండి. కారణం అడిగితే, ఇంట్లో నా అవసరం ఉందని మీ కాపరితో నేరుగా చెప్పండి.