ఇసబ్‌గోల్ వేస్తే కడుపు ఇంకా బిగిసింది

ప్రశ్న: మా అబ్బాయికి 26 ఏళ్లు. 22వ క్రోమోజోమ్‌లో చిన్న ముక్క లేదని (22క్యూ11.2 డిలీషన్) చిన్నప్పుడే తేలింది. గుండె ఆపరేషన్ అయింది. మానసిక జబ్బుకు క్లోజపిన్, వాటితోపాటు కాల్షియం మాత్రలు వాడుతున్నాడు. నాలుగైదు రోజులకోసారి గానీ మోషన్ కాదు. ఇసబ్‌గోల్ ఇస్తుంటే ఉబ్బరం పెరిగింది. ఈమధ్య బట్టల్లో నీళ్లలా పడుతోంది. ఎనిమా ఇవ్వచ్చా?
- ఓ తల్లి, కందుకూరు

జవాబు: ఆ నీళ్లను విరేచనాలనుకోకండమ్మా. పేగు చివర మలం గట్టిపడి అడ్డుకుంటే, పైనున్న పల్చటిది దాని పక్కల నుంచి జారుతుంది. ఆపే మాత్ర వేశారో, అడ్డు మరింత బిగుస్తుంది. రేపటిలోగా డాక్టరు చేత కడుపు పరీక్ష చేయించండి. వాంతులైనా, పొట్ట రాయిలా ఉబ్బినా, గ్యాస్ కూడా పోకపోయినా రేపటిదాకా ఆగొద్దు. అర్ధరాత్రయినా ఒంగోలో నెల్లూరో అత్యవసర విభాగానికి తీసుకెళ్లండి. క్లోజపిన్ పేగు కదలికను బాగా తగ్గిస్తుంది, ప్రాణం మీదికి వచ్చిన సందర్భాలున్నాయి. అలాగని దాన్ని మీరే మానిపించకండి.

మందుల షాపులో దొరికే ఫాస్ఫేట్ ఎనిమా సొంతంగా వద్దు. మీ అబ్బాయికున్న 22క్యూ11.2 డిలీషన్‌లో పారాథైరాయిడ్ గ్రంథి బలహీనంగా ఉండి రక్తంలో కాల్షియం తగ్గే అవకాశం ఎక్కువ. ఫాస్ఫేట్ దాన్ని ఇంకా తగ్గిస్తే ఫిట్స్ రావచ్చు, గుండె లయ తప్పవచ్చు. ఆస్పత్రిలో ఎనిమా ఇవ్వబోతే ఈ డిలీషన్ సంగతి ముందే చెప్పండి.

ఇసబ్‌గోల్ ఆపేయండి. అది నీళ్లు పీల్చి ఉబ్బుతుంది. కదలని పేగులో ఆ ఉబ్బే అడ్డవుతుంది. అడ్డు తీశాక మలాన్ని మెత్తబరిచే పాలీఎథిలిన్ గ్లైకాల్ పొడి గురించి అడగండి. పెద్దలకు మామూలుగా 17 గ్రాములు, 240 మిల్లీలీటర్ల నీళ్లలో, రోజుకోసారి. పనిచేయడానికి ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది. కొలనోస్కోపీకి (పెద్దపేగును కెమెరాతో చూసే పరీక్ష) ముందు రెండు లీటర్లలో కలిపి తాగించే పెద్ద ప్యాకెట్టు ఇది కాదు, షాపులో చూసి తీసుకోండి.

కాల్షియం, మెగ్నీషియం, పారాథైరాయిడ్ హార్మోన్, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పనితీరు చెప్పేది) పరీక్షలు చేయించండి. థైరాయిడ్ మందగించినా, కాల్షియం మాత్రలు ఎక్కువైనా మలబద్ధకమే. నీళ్లు ఎన్ని తాగాలో గుండె డాక్టరు చెప్పాలి. పాలిష్ బియ్యం అన్నం తగ్గించి సజ్జ సంగటి, తోటకూర, జామకాయ పెట్టండి, కానీ అడ్డు తీశాకే.

టిఫిన్ చేసిన పావుగంటకు మరుగుదొడ్లో కూర్చోబెట్టండి, పది నిమిషాలు చాలు. కమోడ్ అయితే కాళ్ల కింద చిన్న పీట వేయండి. ముక్కనివ్వద్దు. నొప్పి చెప్పలేకపోవచ్చు కాబట్టి గోడ క్యాలెండర్‌లో మోషనైన రోజు గుర్తు పెట్టండి. వరసగా రెండు రోజులు ఖాళీగా ఉంటే డాక్టరుకు ఫోన్ చేయండి.