డేట్లు మారుతున్నాయంటే దేవుడు వద్దంటున్నట్టా?

ప్రశ్న: అన్నయ్య గారికి ప్రభువు నామంలో వందనాలు. మా సంఘం యవనస్థులం కలిసి ఏటూరునాగారం దాటి గోదావరి అవతలున్న ఒక గూడేనికి వెళ్లాలనుకున్నాం. పిల్లలకు వీబీఎస్ (సెలవుల్లో పెట్టే బైబిల్ బడి), పెద్దలకు వైద్య శిబిరం. మే నెలలో పెడదామంటే ఈ ఎండల్లో పిల్లల్ని కూర్చోబెట్టలేం అని అక్కడి పాస్టర్ గారు అన్నారు. వానాకాలం వచ్చేసరికి వాగులు పొంగి దారి బంద్ అయింది. బతుకమ్మ సెలవులకు మార్చుకుంటే, వస్తానన్న డాక్టర్ గారికి డ్యూటీ పడింది. సంక్రాంతి దాటాక వెళ్దామంటే మేడారం జాతర, బండ్లు దొరకవు, ఇళ్లనిండా చుట్టాలుంటారు, ఇప్పుడు రావద్దన్నారు. పోయిన కొత్త సంవత్సరం ఆరాధనలో నాకు “నీ రాకపోకలయందు యెహోవా నిన్ను కాపాడును” అనే వాగ్దానం కార్డు వచ్చింది. అది చూసి ఈ ఏడాది తప్పకుండా వెళ్తామని అందరికీ నేనే చెప్పాను. ఇప్పుడేమో అమ్మ “దేవుడే ఆపుతున్నాడు, మానెయ్” అంటోంది. సంఘంలో ఒక పెద్దాయన ఇది సాతాను అడ్డు, ఉపవాసం ఉండండి అంటున్నారు. టీమ్‌లో సగం మంది తప్పుకున్నారు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. దేవుని చిత్తం తెలిసేదెలా?
– ఒక సోదరి, హనుమకొండ

జవాబు: చెల్లెమ్మా, నీ ఉత్తరం అంతా చదివాను. ఎండ, వాన, ఒకరి డ్యూటీ, జాతర రద్దీ కనిపించాయి గానీ దేవుడు ఈ పని వద్దన్నాడని చెప్పే మాట నాకు ఒక్కటీ కనిపించలేదు. అమ్మకూ ఆ పెద్దాయనకూ నీ మీద ప్రేమే, అందులో అనుమానం లేదు, కానీ ఇద్దరూ ఒక అడ్డంకిని చూడగానే దాని వెనక ఎవరున్నారో తేల్చేశారు, అక్కడే నాకు తొందరపాటు కనిపిస్తోంది.

పౌలు ప్రయాణాలే చూడు. అపొస్తలుల కార్యములు 16లో ఆసియలో వాక్యం చెప్పకుండా పరిశుద్ధాత్మ ఆపాడని ఉంది, బితూనియకు వెళ్లబోతే అక్కడా అంతే, చివరికి త్రోయకు వచ్చాక గాని మాసిదోనియ దర్శనం రాలేదు. ఇక్కడ ఆపింది దేవుడు. అదే పౌలు థెస్సలొనీక సంఘానికి రాసేటప్పుడు మీ దగ్గరికి రావాలనుకుంటే సాతాను అడ్డుపడ్డాడు అంటాడు (1 థెస్స 2:18). రోమా వాళ్లకు రాసిన కారణం వేరు: క్రీస్తు పేరు వినని చోట్ల పని చేస్తూ ఉండిపోయాను, అందుకే ఇన్నాళ్లూ రాలేకపోయాను అని (రోమా 15:20-22). కొరింథు వాళ్లకైతే, మిమ్మల్ని నొప్పించడం ఇష్టం లేకే రాలేదన్నాడు (2 కొరింథీ 1:23). మనిషి ఒక్కడే, ఆగిన ప్రయాణాలకు కారణాలు నాలుగు రకాలు, అందులో రెండు మామూలు మనుషులకు ఉండే కారణాలే: చేతినిండా పని, అవతలివాళ్ల మీద జాలి. ప్లాన్ మార్చినందుకు ఆయన్ను కూడా మాట మీద నిలబడడని అన్నారు, ఆ నింద 2 కొరింథీ 1:17లో వినపడుతూనే ఉంటుంది. ఆయన ఆ నిందకు జవాబు చెప్పాడు, ప్రయాణాలు మాత్రం మానలేదు.

కాబట్టి ప్రతి ఆటంకానికీ అర్థం చెప్పే బాధ్యత దేవుడు నీ మీద పెట్టలేదు. ఇది దేవుడిదా సాతానుదా అని తేలకపోయినా రేపు చెయ్యాల్సిన పని చెయ్యొచ్చు. ఆయన మీద నమ్మకం అంటే నాకు తెలిసింది అదే, కారణం తెలిసినప్పుడే అడుగు వేస్తానంటే అక్కడ నమ్మకానికి పనేముంది?

వాగ్దానం కార్డు సంగతి కొంచెం గట్టిగానే చెప్తాను. 121వ కీర్తనలోని ఆ మాట నువ్వు వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ కాపాడతానన్న మాట. ఫలానా నెలలో ఫలానా ఊరికి పంపిస్తానని అందులో లేదు. ఆ మాటను నీ క్యాలెండర్‌కు కట్టేశావు కాబట్టి, ఇప్పుడు డేట్ తప్పితే దేవుడే మాట తప్పినట్టు నీకు అనిపిస్తోంది. చీటీలు వేసి “వెళ్లు, వద్దు” అని తీయడం, బైబిల్ ఎక్కడో ఒకచోట తెరిచి వేలు పెట్టడం కూడా నాకు నచ్చవు. ఎదురుగా మాట్లాడే మనుషుల్ని దేవుడు ఇచ్చినప్పుడు వాళ్లను అడగకుండా చీటీని అడగడం ఎందుకు?

నీ విషయంలో ఆ మనిషి అక్కడి పాస్టర్ గారే అనుకుంటున్నాను. డాక్టర్ గారి సంగతి పక్కన పెడితే, మిగతా ప్రతిసారీ వద్దన్నది దారి తెలిసినవాళ్లే కదా? 2023 జూలై గుర్తుందా, ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులోనే దాదాపు 65 సెంటీమీటర్ల వాన పడింది, జంపన్నవాగు పొంగి కొండాయిలో ప్రాణాలు పోయాయి. అది చూసినవాళ్లు వానాకాలంలో మిమ్మల్ని వద్దన్నారంటే అదే నడిపింపు అనుకో. జాతర కూడా అంతే. సమ్మక్క సారలమ్మ జాతర రెండేళ్లకోసారి వస్తుంది, పూజారులు కోయవాళ్లే, అది వాళ్ల సొంత పండుగ. ఛత్తీస్‌గఢ్ నుంచి, మహారాష్ట్ర నుంచి జనం దిగుతారు, ఆర్టీసీ బస్సులన్నీ అటే తిరుగుతాయి. ఇంటినిండా చుట్టాలున్న వారంలో ఎవరి ఇంటికైనా చెప్పకుండా వెళ్లి కూర్చుంటామా? వద్దన్నందుకు వాళ్లకు థాంక్స్ చెప్పాలి.

జడ్సన్ దంపతుల సంగతి చెప్పాలి. అదోనీరాం, ఆన్ జడ్సన్ 1812లో మిషనరీలుగా అమెరికా నుంచి కలకత్తాకు వచ్చారు. ఈస్టిండియా కంపెనీ ఉండనివ్వలేదు. అక్కడి నుంచి మారిషస్, మారిషస్ నుంచి మద్రాసు, మద్రాసు నుంచి కూడా పంపేస్తారేమోనన్న భయంతో దొరికిన ఓడ ఎక్కితే అది రంగూన్ వెళ్లే ఓడ. 1813 జూలైలో దిగారు. మొదటి బర్మా విశ్వాసి బాప్తిస్మం తీసుకున్నది 1819లో. బైబిల్ మొత్తాన్ని బర్మా భాషలోకి తేవడం జడ్సన్ పూర్తి చేసింది 1834లో. ఈ కథను మన ప్రసంగాల్లో ఇక్కడితో ఆపి చప్పట్లు కొట్టిస్తాం. కానీ మద్రాసు నుంచి రంగూన్ వెళ్లే ఆ ఓడలోనే ఆన్‌కు బిడ్డ చనిపోయి పుట్టింది. ఆ రాత్రి ఆమెకు 1834 తెలియదు. దేవుడు నడిపిస్తున్నాడంటే దారి సాఫీగా ఉంటుందని ఎవరైనా చెబితే నాకు ఆమె గుర్తొస్తుంది, ఆ మాట నీకు నేను చెప్పలేను.

ఇక చెయ్యాల్సింది. డేట్ మీరు పెట్టొద్దు, జాతర అయ్యాక పాస్టర్ గారికి ఫోన్ చేసి మీకు ఎప్పుడు వీలో చెప్పండి అని అడుగు. వీబీఎస్‌ను, వైద్య శిబిరాన్ని విడదీయండి, ఒక డాక్టర్ సెలవు కోసం పిల్లల పాటలు ఎందుకు ఆగాలి? సగం మంది తప్పుకున్నారంటే మిగిలిన సగం ఒక్క తుఫాన్ బండిలో పడతారు, ముందు ఒక్కరోజుకు వెళ్లి ఊరి పెద్దలను కలిసి, బడి సెలవులు ఎప్పుడో కనుక్కుని రండి. తప్పుకున్నవాళ్లను విశ్వాసం లేదని అనొద్దు, ఎవరి ఉద్యోగం వాళ్లది. సంఘం ఇచ్చిన కానుకల లెక్క, బండికిచ్చిన అడ్వాన్స్ ఎంత పోయిందో అంతా ఆదివారం లేచి నిలబడి చెప్పండి, ఆలస్యమయ్యే కొద్దీ మాటలు పుడతాయి. అమ్మతో వాదించకు. ఆమె భయం దేవుని చిత్తం గురించి కాదేమో, అడవిదారిలో పిల్ల వెళ్తుందన్న భయమేమో. అక్కడి పాస్టరమ్మతో ఒకసారి ఫోన్లో మాట్లాడించు.

ప్రశ్న: పైన రాసిన చెల్లి లాంటి టీమ్‌లు మా దగ్గరికి వస్తుంటాయి, నేను ఒక పల్లె పాస్టర్ గారి భార్యను. రేపు వస్తున్నామంటారు, బియ్యం, కూరగాయలు తెచ్చుకుని, కూలి పని మానుకుని కూర్చుంటాను, సాయంత్రం ఫోన్ చేసి ప్రోగ్రాం మారింది అంటారు. దేవుని సేవకు వచ్చేవాళ్లను ఏమనగలం? మనసులో బాధ పెట్టుకోవడం పాపమా?
– ఒక సోదరి, మహబూబాబాద్ జిల్లా

జవాబు: పాపం కాదక్కా. మీకు అయిన ఖర్చు, పోయిన కూలి వాళ్లకు చెప్పండి. మన డోర్నకల్ బిషప్ అజరయ్య గారు 1910లో ఎడిన్‌బరో మిషనరీ మహాసభలో విదేశీ మిషనరీల ముందే నిలబడి, మీరు ఎన్నో ఇచ్చారు, మాకు స్నేహితులను కూడా ఇవ్వండి అని అడిగారు. అప్పటికి ఆయన ఇంకా బిషప్ కాలేదు, అయినా అంతమంది పెద్దల ముందు ఆ మాట అన్నారు. మీరు ఫోన్లో ఒక టీమ్ లీడర్‌కు చెప్పడానికి వెనకాడక్కర్లేదు. వారం ముందు ఖాయం చేస్తేనే వంట పెడతానని చెప్పండి, సరుకుల డబ్బు ముందే పంపమని అడగండి. “ప్రభువు చిత్తమైతే వస్తాం” అని యాకోబు 4 చెప్పమన్న మాట వాళ్లు అంటారు, అనాలి కూడా, కానీ ఆ మాట చాటున మీ బియ్యం ఖర్చు వాళ్లకు కనిపించకుండా పోకూడదు. అడగడానికి మీకు మొహమాటమైతే పాస్టర్ గారి చేత ఒక్క మెసేజ్ పెట్టించండి.