ఇంటావిడ ఇచ్చే సెరసీ టీ తాగొచ్చా?

ప్రశ్న: ఉద్యోగరీత్యా మా అల్లుడు, అమ్మాయి జమైకాలోని కింగ్‌స్టన్‌లో ఉంటున్నారు. కింద వాటాలో ఉండే ఇంటి ఓనరుగారు, పెద్దావిడ, మా పిల్లని సొంత కూతురిలా చూసుకుంటారు. కాస్త నలతగా ఉందంటే చాలు, ‘సెరసీ’ అనే చేదు టీ కాచి పైకి తెచ్చి ఇస్తారట. అది మన కాకరతీగేనని అల్లుడు అంటున్నాడు. అమ్మాయికి ఇప్పుడు మూడో నెల. కాకరే కదా, ఫర్వాలేదా? వద్దంటే ఆవిడ నొచ్చుకుంటారేమోనని అమ్మాయి టెన్షన్ పడుతోంది.
– ఒక తల్లి, తెనాలి

జవాబు: వద్దమ్మా. ఈ రోజు నుంచే ఆపేయమనండి. ఇప్పటికే ఒకటి రెండుసార్లు తాగిందని కంగారు పడకండి. ఈసారి చెకప్‌కి వెళ్ళినప్పుడు ఆ సంగతి డాక్టరుకి చెప్పాలి. కడుపునొప్పి వచ్చినా, రక్తం కనబడినా మాత్రం చెకప్ రోజుదాకా ఆగకూడదు.

మీ అల్లుడు చెప్పింది నిజమే. నేను తొమ్మిదేళ్ళు జమైకాలోని మాండెవిల్‌లో బయాలజీ టీచరుగా పనిచేశాను. వెళ్ళిన మొదటి వారమే బడి కంచె మీద ఆ తీగని చూసి ప్రాణం లేచొచ్చింది. అదే ఆకు, అదే పసుపుపచ్చ పువ్వు. కాయలు మాత్రం బొటనవేలంత ఉండేవి. పండితే నారింజ రంగుకి తిరిగి, పగిలి, లోపల ఎర్రటి గుజ్జులో గింజలు కనబడేవి. మన కాకర, ఆ సెరసీ ఒకటే జాతి. మనం కాయ తింటాం, వాళ్ళు తీగని కాచి తాగుతారు. మా పక్కింటి పెద్దావిడ తీగని ఆకులతో సహా కట్ట కట్టి వరండాలో ఎండబెట్టేది. జ్వరానికీ, ఒంటి మీద దద్దుర్లకీ, ‘రక్తం శుభ్రపడడానికీ’ అదే మందు. సెప్టెంబరులో బళ్ళు తెరిచే ముందు పిల్లలకి కడుపు శుభ్రం చేయించడం కూడా అక్కడి ఆనవాయితీ. చిన్నప్పుడు నాకు మా నాయనమ్మ ఆముదం పట్టించిన రోజులు గుర్తొచ్చేవి.

అయితే మనం కాకరకాయని ఎలా తింటామో ఆలోచించండి. పైన గీరి, ఉప్పు రాసి, చేదు పిండేసి, ఆ పైన చింతపండు, బెల్లం వేసి వండుతాం. సెరసీ టీలో ఆ పిండేసే పని ఉండదు. ఆకులో ఉన్నదంతా గ్లాసులోకి దిగుతుంది. కరీబియన్ దీవుల్లో ఆగిన నెలసరి రావడానికి ఆడవాళ్ళు ఈ టీనే తాగేవారు. గర్భం మీద ఈ మొక్క చెడుగా పనిచేస్తుందని జంతువుల మీద చేసిన పరీక్షల్లోనూ కనబడింది. షుగర్ కూడా తగ్గిస్తుంది. మావారు షుగర్ మాత్ర వేసుకుని, దాని మీద పక్కింటావిడ ఇచ్చిన సెరసీ రెండు గ్లాసులు తాగిన పొద్దున చెమటలు పట్టి, చేతులు వణికి కుర్చీలో కూలబడ్డారు. చక్కెర నీళ్ళు తాగించాక గానీ తేరుకోలేదు. ఆవిడ తప్పు లేదు. మాత్రల సంగతి మేం ఆవిడకి చెప్పనే లేదు.

మీ అమ్మాయి విషయంలోనూ అదే జరిగిందని నా అనుమానం. మూడో నెల దాటేదాకా బయట చెప్పొద్దని మీరే అని ఉంటారు, మన ఇళ్ళల్లో అంతే కదా. కడుపుతో ఉన్నవాళ్ళకి సెరసీ ఇవ్వకూడదని అక్కడి పెద్దవాళ్ళకి బాగా తెలుసు. ఇంకెవరికీ చెప్పకపోయినా సరే, ఆ ఒక్కావిడకి చెప్పమనండి. నొచ్చుకోరు సరికదా, గ్లాసు ఆవిడే వెనక్కి తీసుకెళ్తారు.

ఇంకో మాట కూడా అమ్మాయికి చెప్పండి. జమైకాలో పొద్దున్నే వేడిగా తాగేదేదైనా టీనే. కోకో తాగినా ‘చాక్లెట్ టీ’, చేపల చారు ‘ఫిష్ టీ’. అందుకని “టీ తాగుతావా” అన్నప్పుడు ఏ ఆకో అడగాలి. 1950ల్లో అక్కడ చిన్నపిల్లలు పొట్ట ఉబ్బి, కాలేయం దెబ్బతిని ఆసుపత్రికి వచ్చేవారు. కాలేయంలోని సన్నటి రక్తనాళాలు మూసుకుపోతున్నాయని కింగ్‌స్టన్ దగ్గరే ఉన్న మోనాలోని యూనివర్సిటీ డాక్టర్లు 1954లో వివరించారు. కారణం ఇంట్లో కాచి పట్టిన బుష్ టీ, అంటే పెరటి ఆకుల కషాయం, అందులో వేసిన క్రోటలేరియా అనే మొక్క ఆకు. మన పొలాల్లో పచ్చిరొట్టగా చల్లే జనుము ఆ కుటుంబానిదే. తల్లులు ప్రేమగానే పట్టారు. ఆ పిల్లల గురించి చదివినప్పటి నుంచి, పేరు తెలియని ఆకు ఎవరిచ్చినా నేను తాగలేదు.

వికారంగా ఉంటే చిన్న అల్లం ముక్క వేసి మరిగించిన నీళ్ళు కొద్దిగా తాగొచ్చు. అక్కడ ‘ఫీవర్ గ్రాస్’ అనేది మన నిమ్మగడ్డే గానీ, ఈ నెలల్లో అదీ రోజూ వద్దు. జ్వరం వస్తే ఇంటి వైద్యంతో ఒక్క పూట కూడా గడపొద్దు. డెంగీ తిరిగే దేశం అది. అదే రోజు డాక్టరుకి చూపించాలి. ఆయన చెప్పకుండా ఆస్పిరిన్, ఇబుప్రోఫెన్ వేసుకోకూడదు.

ప్రశ్న: నిద్ర పట్టక మూడు నెలలుగా రోజూ లక్ష్మణఫలం ఆకుల టీ తాగుతున్నాను. మంచిదేనా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: మానేయండి. జమైకాలోనూ నిద్రకి ఈ ఆకే కాస్తారు. కానీ కరీబియన్‌లోనే ఉన్న గ్వాడలూప్ దీవిలో మామూలు మందులకి లొంగని ఒక రకం పార్కిన్సన్స్ (ఒళ్ళు బిగుసుకుని, కదలికలు మందగించే మెదడు జబ్బు) ఎక్కువగా కనబడుతోందని, ఆ రోగుల్లో చాలామంది ఈ పండూ, ఆకు టీ బాగా తీసుకునేవారని అక్కడి డాక్టర్లు 1999లో రాశారు. ఈ చెట్టులో ఉండే అనోనసిన్ అనే పదార్థం ఎలుకల మెదడు కణాల్ని దెబ్బతీసింది. మనుషుల్లో జబ్బుకి అదే కారణమని పూర్తిగా రుజువు కాలేదు గానీ, ఈ అనుమానం ఉండగా రోజూ తాగమని నేను చెప్పలేను. ఎప్పుడో ఒక పండు ముక్క తినడం వేరు. మూడు నెలలుగా నిద్ర లేదంటే డాక్టరుకి చూపించుకోవాల్సిందే. వెళ్ళినప్పుడు ఈ టీ ఎన్నాళ్ళు, రోజుకి ఎన్ని గ్లాసులు తాగారో కూడా చెప్పండి.