పాఠకుల ప్రశ్నలు – జవాబులు: అబింగ్డన్‌లో చేతులతో నెట్టిన కార్లు

ప్రశ్న: ఇంగ్లండులోని అబింగ్డన్‌లో ఎం.జి. స్పోర్ట్స్ కార్ల కర్మాగారంలో పనిచేసినవారి జ్ఞాపకాలను ఈమధ్య చదివాను. తయారవుతున్న కారును తామే ఒక చోటి నుంచి మరో చోటికి నెట్టుకుంటూ వెళ్లేవారమని చాలామంది చెప్పుకున్నారు. 1970లలో కూడా ఇలా జరిగేదా? అంత పేరున్న కర్మాగారాన్ని ఎందుకు మూసేశారు? ఇప్పుడు మన రోడ్ల మీద తిరిగే ఎం.జి. కార్లకు దానితో సంబంధం ఉందా?
— ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: జరిగేది. 1980 అక్టోబరులో ఎం.జి.బి. అనే స్పోర్ట్స్ కారు నమూనాలో చివరిది బయటికి వచ్చేంతవరకూ అక్కడ యంత్రంతో కదిలే అసెంబ్లీ లైను లేదు. ఒక దశలో పని పూర్తికాగానే మనుషులే కారును తరువాతి దశకు నెట్టేవారు. దీన్ని వెనకబాటుతనమని అనుకోనక్కరలేదు. ఏడాదికి 50,000 కార్లకు మించి ఈ పద్ధతిలోనే తయారుచేసిన సందర్భాలున్నాయి.

అసలు సంగతేమిటంటే, అబింగ్డన్‌లో తయారుచేసేది తక్కువ, బిగించేది ఎక్కువ. ఒక పాత తోళ్ల కర్మాగారం ఆవరణలోకి 1929లో ఈ సంస్థ వచ్చినప్పటి నుంచీ అంతే. రేకులను అచ్చుపోసే భారీ ప్రెస్సులుగానీ లోహాన్ని పోతపోసే విభాగంగానీ అక్కడ లేవు. ఎం.జి.బి. బాడీ స్విండన్‌లో తయారయ్యేది, ఇంజను మరో ఊరి నుంచి వచ్చేది. రంగు వేసి లారీల మీద తెచ్చిన బాడీని పై అంతస్తుకు చేర్చి, వైరింగు, లోపలి సరంజామా అమర్చి, తరువాత కిందికి దించేవారు. అక్కడ దాన్ని ఎత్తయిన పట్టాల మీద నిలిపితే, కార్మికులు వంగే పని లేకుండా కింద నిలబడి ఇంజను, యాక్సిళ్లు, బ్రేకు గొట్టాలు బిగించేవారు. చక్రాలు ఎక్కించాక కారు నేల మీదికి దిగేది. ఎం.జి.బి. బరువు టన్నుకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది కాబట్టి ఇద్దరు చేయి వేస్తే కదులుతుంది. కార్లను కదిలించే యంత్రపు బెల్టు కోసం పెట్టుబడి పెట్టాలని యాజమాన్యానికి తోచకపోవడంలో వింత లేదు.

మీరు చదివిన జ్ఞాపకాల్లోని ఆత్మీయతకు కూడా కారణం ఇక్కడే ఉందని నా అభిప్రాయం. బెల్టు కదులుతుంటే దాని వేగాన్ని మనిషి అందుకోవాలి. అబింగ్డన్‌లో ముందుకు నెట్టేది మనిషే కాబట్టి, చేతిలోని పని ముగిసిందో లేదో చూసుకునే అవకాశం కొంతైనా ఉండేది. తండ్రీకొడుకులు, అన్నదమ్ములు ఒకే చోట పనిచేసిన కుటుంబాలు ఆ చిన్న ఊళ్లో ఉండేవి. బ్రిటిష్ కార్ల పరిశ్రమ సమ్మెలతో అట్టుడికిన రోజుల్లో కూడా ఇక్కడ సమ్మెలు అరుదు. అయినా విడిభాగాలు పంపే కర్మాగారంలో సమ్మె జరిగితే, ఏ పాపమూ ఎరుగని అబింగ్డన్‌లో పని ఆగిపోయేది. మూతపడిన కర్మాగారాన్ని తలచుకునేవారు పొద్దస్తమానం ఒకే రకం నట్లు బిగించిన విసుగును ఎక్కువగా చెప్పరన్నది కూడా దృష్టిలో పెట్టుకుని చదవండి.

మూసివేత విషయానికి వస్తే, కారణాలు కార్మికుల పనితనంలో లేవు. 1962లో మొదలైన ఎం.జి.బి. 5 లక్షలకు పైగా తయారైంది. అందులో పెద్ద భాగం అమెరికాకు వెళ్లింది. ఆ దేశపు భద్రతా నియమాల కోసం 1974 చివరి నుంచి నల్లని రబ్బరు బంపర్లు తగిలించి, కారు ఎత్తును పెంచారు. పొగ నియమాల కోసం ఇంజను శక్తిని తగ్గించారు. స్పోర్ట్స్ కారుకు ఇంతకన్నా అన్యాయం చేయడం కష్టం. 1970ల చివర డాలరుతో పోలిస్తే బ్రిటిష్ పౌండు విలువ బాగా పెరగడంతో, అమెరికాలో అమ్మే ప్రతి కారు మీదా నష్టం వస్తున్నదని యాజమాన్య సంస్థ బ్రిటిష్ లేలాండ్ వాదించింది. కొత్త నమూనాకు మాత్రం ఏళ్ల తరబడి డబ్బు ఇవ్వలేదు. ఉన్న డబ్బు అదే సంస్థ తయారుచేసిన మరో స్పోర్ట్స్ కారు ట్రయంఫ్ టి.ఆర్.7 వైపు వెళ్లింది. 1979 సెప్టెంబరులో అబింగ్డన్ పట్టణం ఎం.జి. 50 ఏళ్ల ఉత్సవం జరుపుకున్న మరునాడే మూసివేత ప్రకటన వెలువడింది. కార్మికులు కడుపు మండి వీధికెక్కారు. బ్రిటిష్ కార్ల సంస్థ ఆస్టన్ మార్టిన్ నాయకత్వంలో ఒక బృందం కొనడానికి ప్రయత్నించినా ఆ బేరం కుదరలేదు. బాడీ, ఇంజను, గేర్‌బాక్సు అన్నీ బ్రిటిష్ లేలాండ్ ఇతర కర్మాగారాల నుంచే రావాలి కాబట్టి, కొన్నవారు ఆ సంస్థ దయ మీదే ఆధారపడవలసి వచ్చేది. యంత్రాల బరువు లేకపోవడం ఇన్నాళ్లూ ఆ కర్మాగారానికి కలిసివచ్చింది. మూసేవాళ్లకూ అదే పనిని సులువు చేసింది.

ఇక మీ మూడో ప్రశ్న. 2019 నుంచి మన దేశంలో అమ్ముతున్న ఎం.జి. కార్లు గుజరాత్‌లోని హాలోల్‌లో తయారవుతున్నాయి. ఆ పేరు ఇప్పుడు చైనా సంస్థ ఎస్.ఎ.ఐ.సి. చేతిలో ఉంది. ఎనిమిది భుజాల ఆ చిహ్నం తప్ప అబింగ్డన్‌తో వాటికి సంబంధం లేదు. అంతకన్నా దగ్గరి చుట్టరికం మన పాత అంబాసిడర్‌కు ఉంది. 1955లో వచ్చిన ఎం.జి.ఎ. స్పోర్ట్స్ కారులోనూ, చాలాకాలం నడిచిన పెట్రోలు అంబాసిడర్‌లోనూ ఉన్నది ఒకే కుటుంబానికి చెందిన 1,489 సి.సి. ఇంజను. ఎం.జి.ఎ.లో దాన్ని రెండు కార్బురేటర్లతో ఎక్కువ శక్తి వచ్చేలా మలిచారు.